కుడి చేతికి అసలు, ఎడమ చేతికి నకలు

నాకు వాసన పోయి ఏడాది కావస్తున్నది. మొన్నటి దాకా ఈ సంగతి ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు. పోయిన చలికాలంల జరమొచ్చి కొన్ని దినాలు పండుకున్న, లేచిన. ఆకలి మళ్ళింది, ఉప్పు పులుపు కారం నాలికకు తెలుస్తనే ఉన్నయి. ముక్కు ఒక్కటే తిరిగి రాలేదు. ముందుగాల ఆ సంగతి నాకు సుత తెల్వలేదు. శుక్రవారం పొద్దున నిప్పుల మీద సాంబ్రాణి వేసి ఇల్లంత తిప్పుతున్న, పొగ లేస్తున్నది గాని వాసన లేదు. ఇంకింత వేసిన. అయినా లేదు. కల్తీ సరుకు అంటగట్టిండని కోపమొచ్చి పొట్లం కొంగుకు కట్టుకొని నాచారం బజార్ల కిరాణా దుకాణానికి పోయి లొల్లి పెట్టుకున్న. "ముసల్దాన్నని చెక్కపొడి అమ్ముతవా?" అన్న. దుకాణాయన పొట్లం ఇప్పి వాసన చూసిండు. పక్కనున్న గిరాకీకి ఇచ్చిండు. ఆమె చూసి "అబ్బ, గుడిల నిలవడ్డట్టున్నది" అన్నది. ఇద్దరూ నా దిక్కు చూసిన్రు. నేను పొట్లం గుంజుకొని తిరిగొచ్చిన. తొవ్వల మల్లెపూల బుట్ట మీదికి వంగిన. బేకరీ ముందట నిలవడ్డ, మురికి మోరీ కాడ నిలవడ్డ. అన్నీ ఒక్కతీర్గనే ఉన్నయి, గోడకు ముక్కు ఆనిచ్చినట్టు.

మామూలు ముక్కైతే ఎవ్వరితోనన్న చెప్పుకుందును. నా ముక్కుకు ఇంట్ల పేరున్నది. మా ఆయన బతికున్నప్పుడు రెండు గల్లీలవతల బీడీ తాగి, తులసాకు నమిలి, కుళాయి కాడ మూతి కడుక్కొని వచ్చినా గడప కాడనే దొరికిపోయేటోడు. మా కోడలు సుజాత "మా అత్తమ్మ ముక్కు పోలీసు కుక్కకు సుత లేదు" అని పదిమందిల అంటది. అది తిట్టా మెప్పా అని నేనెప్పుడూ అడగలేదు.

చెప్పకపోయింది పేరు పోతదని కాదు, పొయ్యి పోతదని. పొద్దున సుజాత కుట్టుమిషన్ల కంపెనీకి పోతది, కొడుకు బస్సు నడుపను పోతడు, మనుమరాలు శ్రావణి సెంట్ల దుకాణంల నౌకరికి పోతది. ఇంట్ల నేను, గ్యాసు పొయ్యి ఉంటం. సుజాత తల్లి చెంగిచెర్లల ఉంటది, నాకు వరుసకు వదినె. ఆమె ఒకనాడు పాలు పొయ్యి మీద పెట్టి కునికింది. పాలు పొంగి మంట ఆరింది, గ్యాసు ఇల్లంత నిండింది. పక్కింటోళ్ళు తలుపు కొట్టి లేపిన్రు. ఆ దినం సంది సుజాత, దాని అన్నదమ్ములు కలిసి ఆమెకు పొయ్యి కాడికి పోవద్దని కట్టడి చేసిన్రు. టీవీ ముందట కుర్సీ వేసిన్రు. పొద్దున పోసిన చాయి ఫ్లాస్కుల నుంచి మాపు దాక తాగుతది. నేను చూడబోయిన్నాడు నా చెయ్యి పట్టుకొని మెల్లగ అడిగింది: "వదినె, ఒక్కపారి పప్పుకు పోపు పెట్టనిస్తరేమో మీ కోడలిని అడుగుతవా?" కన్నతల్లినే లేపి కుర్సీల కూసోబెట్టినామె, అత్తను ఊకుంటదా?

అందుకని చెవులతోని, కండ్లతోని వండుడు నేర్చుకున్న. ఆవాలు చిటచిట ఆగినంక ఎల్లిపాయ, ఎల్లిపాయ అంచులు ఎర్రబడ్డంక కరివేపాకు. అన్నం కుతకుత తగ్గి చిన్న సప్పుడు చేస్తే దించుడు. వంట ఆగలేదు, నా పాణమే కుదురుగ లేదు. బజారుకని సగం దూరం పోయి గ్యాసు నాబు మూసిన్నా లేదా అని మళ్ళ ఇంటికొచ్చేదాన్ని. పండుకొని లేచేదాన్ని, లేచి కిటికీ తెరిచేదాన్ని. చిన్నప్పుడు కట్టెల పొయ్యి మరిచిపోతే ఏమయ్యేది? ఇల్లంత పొగ, కండ్లల్ల మంట, వాడకట్టంత ఉరికొచ్చేటోళ్ళు. కట్టె తన సంగతి తనే చెప్పుకునేది. గ్యాసు గట్ల కాదు. కనవడది, వినవడది. దానికి ముక్కు ఒక్కటే కావలి, ఆ కావలిది నా తాన లేచిపోయింది.

ఇట్ల ఉండంగ మొన్న దుకాణానికి సెలవున్న దినం పొద్దున, సుజాత కంపెనీకి పోయినంక, శ్రావణి వంటింట్లకొచ్చి నా ముందట రెండు సీసలు పెట్టింది. ఒకటి పసుపుకొమ్మంత చిన్నది, అడుగున కొన్ని చుక్కలు. ఇంకోటి పెద్దది, నల్ల మూత, మెరుస్తున్నది.

"నానమ్మా, జర నీ ముక్కుతోని పనున్నది."

"ఏడికి పోతది, మొకం మీదనే ఉన్నది. ఏందిది?"

"గీ చిన్నదాంట్లది అసలు సెంటు. బయటి దేశం నుంచి వస్తది. మా దుకాణంల వాసన చూపిచ్చెతందుకు పంపుతరు. పెద్దది దాని నకలు. అచ్చు గట్లనే ఉంటదని అమ్ముతున్నరు. ఉన్నదా లేదా నువ్వు జెప్పాలె."

"అసలు దాని ధరెంత?"

శ్రావణి నవ్వింది. "వద్దులే నానమ్మా, వింటే నీకు బువ్వ దిగది."

"నకలని తెల్సినంక నన్నెందుకడుగుడు? నకలు నకలే."

"నకలని కొనెటోళ్ళకు సుత తెల్సు. ఎంత దగ్గరున్నదో గదే ముచ్చట." అని చెప్పి గట్టు మీద ఎక్కి కూసున్నది. దుకాణంల పొద్దంత నిలవడి నిలవడి దాని కాళ్ళు వాస్తున్నయి. ఇంటికొచ్చి నీళ్ళ బకెట్ల పెట్టుకుంటది. అదీ, దాని దోస్తు రేణుక కలిసి ఉప్పల్ మెట్రో మెట్ల కాడ ఒక బల్ల పెట్టుకొని ఇసొంటి సెంట్లు అమ్మాలని చూస్తున్నరు. సరుకు ఇచ్చేటాయన మాపటి వరకు మాట చెప్పమన్నడట. "రేణుకకు వాసనల సంగతి తెల్వదు, నాకు దుకాణంల అన్ని సెంట్లు పీల్చి పీల్చి తల తిరుగుతది. నువ్వు మంచిగున్నదంటే తీస్కుంటం నానమ్మా, నౌకరికి రామ్ రామ్ చెప్త. బాగలేదంటే ఇడిసిపెడ్తం. నీదే మాట."

గప్పుడే చెప్పాల్సింది. చెప్పలేక ఒక ఉపాయం చెప్పిన. "ఇప్పుడు కాదు. సెంటును మూత తీసి చూసుడు కాదు. చేతికి రాసుకొని పొద్దు వాలే దాక ఉంచాలె" అన్న. అబద్ధం కాదు, మా అవ్వ చెప్పిన పద్ధతే. కుడి మణికట్టుకు అసలుది ఒక్క చుక్క, ఎడమ మణికట్టుకు నకలుది ఒక్క చుక్క రాయించుకున్న. శ్రావణి మెచ్చుకోలుగ తల ఊపి రేణుక ఇంటికి పోయింది. ఇంట్ల నేను, నా రెండు చేతులు మిగిలినయి.

మా అవ్వ అంటే మా నాయిన తల్లి. ఉప్పల్ల మాకు బర్రెలుండేవి. ఇప్పుడు మెట్రో కంబాలున్న దిక్కుకు అప్పట్ల పచ్చిగడ్డి మోపులు నెత్తిన పెట్టుకొని నడిచేటోళ్ళం. తెల్లారకముందే అవ్వ కవ్వం సప్పుడుకు లేచేదాన్ని. దాలిల పిడకల మీద పాలు పొద్దంత కాగి ఎర్రగయ్యేవి, ఆ వాసనకు బడి నుంచి వచ్చేటప్పుడు గల్లీ మలుపుల్నే కడుపుల ఆకలి లేచేది. నేను మూడో తరగతితోనే బడి ఇడిసిన, అది వేరే సంగతి. అవ్వ చెంపల ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. చేతులకు వెన్న, కొంగుకు పొగ, కాళ్ళకు పెండ, నోటికి లవంగం. కండ్లు మూసుకున్నా అవ్వ ఏ దిక్కు తిరిగి ఉన్నదో చెప్పేదాన్ని. గాలి నాచారం దిక్కు నుంచి మళ్ళితే బిస్కట్ల వాసన వచ్చేది, ఇంకో దిక్కు మళ్ళితే మందుల కంపెనీ పులిసిన వాసన. బట్టలు ఆరేసేటప్పుడు అవ్వ ముందుగాల ముక్కు ఎత్తి చూసి "ఇయ్యాల మందుల గాలి, లోపల ఆరెయ్" అనేది. ఆ మాటలన్నీ నాకు అచ్చంగ యాదికున్నయి. ఆ వాసనలు సుత యాదికున్నయని మొన్నటి దాక అనుకున్న. చేతులు ఒడిల పెట్టుకొని కూసుంటే తెలిసింది, యాదికున్నవి వాసనల పేర్లు మాత్రమే. పాలు ఎర్రగ కాగిన వాసన అంటున్న గాని, అది ముక్కు దాక వస్తలేదు.

ఊర్ల ఎవరింట్ల పెండ్లి పడ్డా నెయ్యి కొనే ముందు అవ్వను పిలిచేటోళ్ళు. మా చిన్నాయిన పెండ్లికి మాత్రం నెయ్యే మా ఇంటికొచ్చింది. అన్నోజిగూడ దిక్కు నుంచి ఒకామె కుండ ఎత్తుకొని వచ్చింది. మూత తీస్తే ఆడోళ్ళంత "అబ్బ" అన్నరు. నేను సుత అన్న. అవ్వ మాత్రం ఇంత నెయ్యి వేలితోని తీసి చెయ్యి వెనుక రాసుకొని బర్రెల కాడికి పోయింది. పాలు పిండింది, దూడను ఇడిసింది, కుడితి కలిపింది. నెయ్యి తెచ్చినామె ఎండల కూసుండి కూసుండి గొంతు పెద్దగ చేసింది. "అవ్వా, గింత సేపేంది? నెయ్యి సంగతేమో గాని ఎండకు నేను కరుగుతున్న."

"కరుగు కరుగు, నీల ఏం కలిసిందో సుత తెలుస్తది" అన్నది అవ్వ.

అందరూ నవ్విన్రు, ఆమె నవ్వలేదు. అవ్వ వచ్చి చెయ్యి వాసన చూసి, నా ముక్కు కాడ పెట్టింది. పొద్దున కుండల కమ్మగున్నది, చేతి మీద దీపం ఆరినంక వత్తి వాసన వస్తున్నది. "మొదటి వాసన అమ్మేటోళ్ళది బిడ్డా, చెయ్యి ఆరినంక వచ్చేది కొనేటోళ్ళది" అన్నది. ఆమె తల దించుకొని, "బర్రె వట్టిపోయింది అవ్వా. జరంత వనస్పతి కలిపిన" అన్నది. అవ్వ తిట్టలేదు. "గా మాట కుండ దించంగనే చెప్తే అయిపోయేది గద. దీంతోని గారెలు కాల్చుకుంటం, పెట్టి పో. పెండ్లికొడుకు ఇస్తార్ల మాత్రం మా ఇంటి నెయ్యే పడ్తది" అని కుండ లోపల పెట్టించింది. కల్తీ అని తెలిసినంక దానికి తగ్గ పని చూపించుడు అవ్వకు తెలుసు. ఇప్పుడు నకలు సెంటుకు ఏ పని తగినదో నేను చెప్పాలె. అవ్వకున్నది నాకు లేదు.

మధ్యాహ్నమంత అర్రల నుంచి వాకిట్లకు, వాకిట్ల నుంచి అర్రలకు తిరిగిన. చెయ్యి కడగొద్దాయె, గిన్నెలు తోమొద్దాయె. ఎడమ చెయ్యి ముక్కు కాడికి తెచ్చుకున్న, కుడి చెయ్యి తెచ్చుకున్న. గట్టిగ పీల్చిన, మెల్లగ పీల్చిన, నోరు తెరిచి పీల్చిన. వట్టి గాలి. మంచిగున్నదని చెప్తే ఏమైతది? పిల్ల నౌకరి ఇడుస్తది, బల్ల పెడ్తది, సెంటు గంటకే పోయేదైతే కొన్నోళ్ళు తెచ్చి మొకం మీద కొడ్తరు. బాగలేదని చెప్తే? మంచి సరుకు ఇడిసిపెట్టి ఇంకెన్నేండ్లో వాచిన కాళ్ళతోని నిలవడ్తది. ఏదో ఒకటి చెప్పి నా పొయ్యి నేను కాపాడుకోవచ్చు. అన్నం నా చేతిల ఉంటది, పిల్ల బతుకు గాలిల ఉంటది. ఒకపారి ఇట్ల అనుకున్న, ఒకపారి అట్ల అనుకున్న. కూసున్న కాడ కూసోలేదు.

శ్రావణి వచ్చేసరికి చేతిల ఫోన్ పట్టుకునే వచ్చింది. రేణుక అవతల లైన్లనే ఉన్నది. "చెప్పు నానమ్మా."

నేను కుడి చెయ్యి ఎత్తి ముక్కు కాడ పెట్టుకున్న. ఎడమ చెయ్యి పెట్టుకున్న. "ఇది... జర..." అన్న. పిల్ల ఊపిరి బిగవట్టి చూస్తున్నది. అవ్వ ముంగట నేను అట్లనే చూసేదాన్ని.

"ఫోన్ పెట్టెయ్ బిడ్డా" అన్న. పెట్టేసింది. "నాకు వాసన వస్తలేదు."

"సెంటు పోయిందా? రెండిట్ల ఏది పోయింది?"

"సెంటు సంగతి నాకు తెల్వది. పోయింది నా ముక్కు. పోయిన చలికాలం సంది."

శ్రావణి నవ్వింది. "ఊకో నానమ్మా, మజాక్ చేస్తవు" అనుకుంట వంటింట్లకు ఉరికి ఇంగువ డబ్బా తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. నేను కదలలేదు. దానికే తుమ్ము వచ్చింది. ఎల్లిపాయ దంచి పెట్టింది. అప్పుడు దాని నవ్వు ఆగిపోయింది. "అందుకేనా సాంబ్రాణి దుకాణంల లొల్లి? ఆయన నాతోని చెప్పిండు, మీ నానమ్మకు బాగ కోపమెక్కువైందని."

"అందుకే."

దానికి కోపమొచ్చిందా, జాలేసిందా నాకు తెల్వలేదు. నా పక్కన కూసుండి నా కుడి చెయ్యి గుంజుకొని తన ముక్కుకు ఆనిచ్చుకున్నది.

"మంచిగున్నది" అన్నది.

"మంచిగంటే? బెల్లం మంచిగుంటది, మల్లెపువ్వు మంచిగుంటది. దేని లెక్కున్నది?"

"సూపర్ గ ఉన్నది నానమ్మా, నాకు చెప్పొస్తలేదు."

"చెప్పొస్తది. కండ్లు మూసుకో. ఏడ నిలవడ్డట్టున్నది?"

కండ్లు మూసుకున్నది. చానసేపటికి, "అమ్మ బీరువా తెరిచినట్టున్నది. పట్టుచీరెల అర. కట్టె... కొంచెం తీపి. వానకు తడిసిన కట్టె" అన్నది. ఎడమ చెయ్యి అందుకున్నది. మొకం ముడిసింది. "ఇది ఉత్త సబ్బు. తానం చేసినట్టు, గంతనే. పొద్దుగాల రెండూ ఒక్కటే ఉండె నానమ్మా, నేను సూసిన."

"నేను ఎడమ చెయ్యి కొంగుకు ఏమన్న తుడుచుకున్ననేమో" అన్న. తుడుచుకున్ననో లేదో నాకే యాదికి లేదు. తిరిగి తిరిగి ఏం చేసిన్నో ఎవనికి తెల్సు.

దాంతోని పిల్ల రెండు సెంట్లూ తన చేతులకే రాసుకొని, మెట్ల మీద కూసుండి పొద్దు గూకే దాక వాసన చూసుకుంటనే ఉన్నది. ఒకపారి నా దిక్కు చూసి "నిమ్మ తొక్క పోయింది, కట్టె ఉన్నది" అన్నది. ఇంకోపారి "ఇది సబ్బు దిక్కు పోతున్నది" అన్నది. నేను ఊఁ కొట్టిన. నిజమో కాదో నాకేం తెలుస్తది? నా జన్మల మొదటిపారి ఇంకొకరు చెప్పిన వాసనను నేను నమ్మాల్సి వచ్చింది. ఆఖరికి రేణుకకు తనే ఫోన్ చేసింది. "గిది వద్దే. పొద్దున రాస్తే మధ్యాహ్నం దాకనే ఉంటది. దీనికంటె ఎక్కువ నిలిచేది ఇంకోటి తెమ్మను, అదీ చేతికి రాసి సూసినంకనే తీస్కుందాం. అప్పటి దాక నౌకరి ఇడువ" అన్నది. నన్నడగకుంట అదే తేల్చుకున్నది.

ఫోన్ పెట్టినంక నా చెవుల "అమ్మకు చెప్పకు నానమ్మా. నేను చెప్ప, ఒట్టు. పొయ్యి బంద్ చేపిస్తది" అన్నది. ఆ మాటకు నా మనసు జారింది. నిజం చెప్తున్న, ఇంకొద్దిగైతే సరేనందును. సుజాత గేటు తీసిన సప్పుడైంది. ఆమె చెప్పులు ఇడవకముందే, కుర్సీల కూసోకముందే నేను చెప్పేసిన. కూసుంటే మళ్ళ చెప్పలేనని భయమైంది.

సుజాత చెప్పులతోనే లోపలికొచ్చి గోడకు ఆనుకొని నిలవడ్డది. చాన సేపు ఒక్క మాటనే అన్నది. "గ్యాస్, అత్తమ్మా." మళ్ళ అదే అన్నది. "ఏడాది సంది గ్యాస్ కాడ ఒక్కరే ఉన్నరు. పొద్దున తలుపు దగ్గరికేసి పోతున్న నేను."

"కిటికీ తెరిచే ఉంచుతున్న" అన్న.

"కిటికీ!" అని కేక వేసింది. ఇన్నేండ్లల్ల నా మీద అంత గొంతు లేపలేదు. "మీకేమన్న అయితే పోలీసు కుక్కని ముచ్చట చెప్పుకుంట తిరుగుదునా నేను?" కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. చున్నీతోని తుడుచుకున్నది. నేను కుర్సీ దిక్కు చూసిన. టీవీ ముందట ఉన్నది, దాని మీద మడత పెట్టని బట్టలున్నయి. బట్టలు తీసి దాన్ని నాకు చూపిస్తదనుకున్న.

ఆమె వంటింట్లకు పోయింది. సిలిండర్ నాబు మూసిన సప్పుడు వినవడ్డది. ఎనుకకు తిరిగొచ్చి, "మా అమ్మను కూసోబెట్టిన్నాటి సంది ఆమె నాతోని రెండు మాటలు సక్కగ మాట్లాడ్తలేదు" అన్నది. నాతోని కాదు, గోడతోని చెప్పినట్టు చెప్పింది. "మీరు సుత గట్ల అయితే నేనెవలితోని మాట్లాడాలె?" చెప్పులు ఇడుసుకుంట, "నేనింట్ల ఉంటే వండున్రి. నేను లేకుంటే నాబు మూసే ఉంటది. ముట్టొద్దు" అన్నది.

ముడుతలేను. పొద్దున వంట ఆమె తయారవుతుంటే చేస్త. ఆమె పోయినంక పొయ్యి సల్లగుంటది. మధ్యాహ్నం చాయి పొద్దు ఉత్తగ పోతది. చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెల్వక ఇట్ల రాస్తున్న, అక్షరాలు వంకరపోతున్నయి. ఒక మాట రాస్త, లేచి వంటింట్లకు పోయి పొయ్యిని చూసొస్త, మళ్ళ కూసుంట. అవ్వకు ముసలితనంల కండ్లు పోయినా పొదుగు తడిమి పాలు పిండింది, బర్రె కాడ నుంచి ఎవ్వరూ లేపలేదు. బర్రె తంతే అవ్వకే తగులుతది. గ్యాసు నన్నొక్కదాన్నే తన్నదు, సుజాత చెప్పిందాంట్ల తప్పు లేదు. అయినా మనసు ఒప్పుతలేదు.

ఎండ వాకిట్ల నుంచి గోడ మీదికెక్కే టైముకు నా చెవులు గేటు కాడనే ఉంటయి. సుజాత కంపెనీల దిక్కు నుంచి నడుచుకుంట వస్తది. గేటు సప్పుడుకు నేను గిన్నెల నీళ్ళు పోసుకొని పొయ్యి ముందట నిలవడ్త. ఆమె సంచి పక్కన పెట్టి, ఒంగి నాబు తిప్పుతది. నిటారుగ నిలవడి, కండ్లు మూసుకొని, మా ఇద్దరి కోసం లోపలికి గాలి పీలుస్తది. "ఏం లేదు. పెట్టున్రి అత్తమ్మా" అంటది. అప్పుడు నేను లైటర్ కొడ్త.